నెలసరి ఆగాక ఏ నూనె? గానుగ నూనె, ప్రిమ్‌రోజ్ గోళీలు, అవిసె నూనె... ఎవరి మాట వినాలి?

గజపతినగరం కోడలు

అందరికీ నమస్కారం. నాకు 49. నెలసరి ఆగి ఏడాది దాటింది. ఇప్పుడు రెండు బాధలు. ఒకటి ఆవిర్లు. వంటింట్లో ఉన్నా బస్సులో ఉన్నా ఒక్కసారిగా మెడ నుంచి నెత్తి దాకా సెగ కొట్టి చెమటలు పట్టేస్తాయి. నిద్రలో అయితే జాకెట్టు తడిసిపోయి లేచి కూర్చోవాల్సిందే. రెండోది కొలెస్ట్రాల్. మూడేళ్ళ కింద చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 118 ఉండేది, ఇప్పుడు 156. తిండి ఏమీ మారలేదు, పని తగ్గలేదు.

చూపించుకున్న చోట ప్రిమ్‌రోజ్ ఆయిల్ (ఒక పూలమొక్క గింజల నూనె) గోళీలు రాశారు. నెల మందులకే చాలా అవుతోంది. మా అత్తగారేమో ‘ఆ ప్యాకెట్ నూనె మానెయ్, గానుగ నువ్వుల నూనె తెప్పించు, అన్నీ అవే సర్దుకుంటాయి’ అంటున్నారు. మా మరిది రోజుకో వీడియో పంపుతున్నాడు, గింజల నూనెలన్నీ విషమట, కొబ్బరి నూనె ఒక్కటే అమృతమట. విశాఖలో మా అక్క పొద్దున్నే చెంచాడు అవిసె నూనె తాగుతోంది. ఇంట్లో నలుగురం, నెలకి ఐదు లీటర్ల సన్‌ఫ్లవర్ అవుతుంది.

ఆవిర్లకి ఏ నూనె పనిచేస్తుంది? కొలెస్ట్రాల్‌కి ఏది మంచిది? వాడి చూసినవాళ్ళు చెప్పండి.

నాగావళి గట్టు

నాకూ ఇదే గొడవ అక్కా. కాకపోతే నాకు 38 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు. ఇప్పుడు 44. ఆవిర్లు అప్పట్నుంచీ ఉన్నాయి. ‘ఆపరేషన్ అయ్యింది కదా, ఇంక ఏ టెన్షనూ లేదు’ అన్నారు అందరూ. ఫాలో అవుతున్నాను.

చీపురుపల్లి గానుగ

అమ్మా, మీ అత్తగారు చెప్పిందే కరెక్ట్. మాది మూడు తరాల గానుగ. రోలు మద్ది చెక్కది, అంచుదాకా నువ్వులు పోసి, నీళ్ళు చిలకరిస్తూ తిప్పుతాం. పిండి కట్టి అంచులకి పట్టుకున్నాకగానీ నూనె దిగదు. చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది అంతే. సారమంతా నూనెలోనే ఉంటుంది. ఫ్యాక్టరీలో పెట్రోలు లాంటి ద్రావకంతో తీసి, మరిగించి, రంగు పోగొట్టి అమ్ముతారు. మా నూనె వాడిన ఆడవాళ్ళకి మోకాళ్ళ నొప్పులు, వేడి, అన్నీ తగ్గాయి. కావలసినవారు ఫోన్ చేయండి: ——

మోడరేటర్

గానుగ గారూ, ఫోన్ నంబరు తీసేశాను. తయారీ గురించి ఎంతైనా రాయండి, అమ్మకం మాత్రం ఇక్కడ వద్దు. నొప్పులు తగ్గాయి అనే మాటకి ఎవరైనా వైద్యులు స్పందిస్తే బాగుంటుంది.

స్త్రీవైద్యం_శ్రీకాకుళం

పిలిచారు కాబట్టి రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

పైన అడిగినావిడవి రెండు వేర్వేరు సమస్యలు. మూలం మాత్రం ఒకటే, ఈస్ట్రోజెన్ తగ్గిపోవడం. మూలం ఒకటి కదా అని మందు కూడా ఒకటే అనుకోవడం దగ్గరే అందరూ బోల్తా పడుతున్నారు.

ముందు ఆవిర్లు. మెదడులో హైపోథాలమస్ అనే భాగం ఒంటి వేడిని చూసుకుంటుంది. ఈస్ట్రోజెన్ తగ్గాక అది మహా చిరాకుమనిషి అవుతుంది. వేడి రవ్వంత పెరిగినా చెమటలు పట్టించి, రక్తనాళాలు తెరిచేస్తుంది. ఇది కడుపులోకి వెళ్ళే నూనెతో మారేది కాదు. ప్రిమ్‌రోజ్ నూనెలో గామా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది, దాని మీద ఆశతోనే వాడకం మొదలైంది. 1994లో బ్రిటన్‌లో దాన్ని మందు లేని ఉత్త గోళీలతో పోల్చి చూశారు. ఆవిర్లు తగ్గించడంలో ఉత్త గోళీలకంటే అది మెరుగని తేలలేదు. ఆ తర్వాత ఒకటి రెండు చిన్న అధ్యయనాల్లో తీవ్రత కాస్త తగ్గినట్టు కనిపించింది గానీ, 2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సంఘం హార్మోన్లు కాని చికిత్సలన్నీ బేరీజు వేసి, ఆవిర్లకి ఇలాంటి సప్లిమెంట్లు సిఫారసు చేయలేమని రాసింది. మీకు రాసిన డాక్టరుగారిని తప్పుపట్టడం లేదు, మనవాళ్ళు హార్మోన్ అనగానే భయపడతారని చాలామంది ఇవే రాస్తారు. గోళీ వాడితే ప్రాణం మీదకి రాదు. డబ్బు మాత్రం పోతుంది.

పనిచేసేవి వేరే ఉన్నాయి. హార్మోన్ చికిత్స అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. 60 ఏళ్ళలోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్ళలోపు, బాగా ఇబ్బంది పడుతున్న ఆరోగ్యవంతులకి నష్టంకంటే లాభమే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్ళకి పనికిరాదు. హార్మోన్ వద్దనుకుంటే వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి మాత్రలు ఉన్నాయి. ఇవన్నీ డాక్టరు చూసి ఇవ్వాల్సినవి, మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. ఊరికే ఓర్చుకుంటే పోతాయిలే అనుకోకండి, సగటున ఏడేళ్ళకి పైగానే వేధిస్తాయి.

ఇక కొలెస్ట్రాల్. కాలేయం మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకుని రక్తంలోంచి లాగేసే గ్రాహకాలు ఉంటాయి. ఈస్ట్రోజెన్ దండిగా ఉన్నన్నాళ్ళూ అవి బాగా పనిచేస్తాయి. అది తగ్గగానే నెమ్మదిస్తాయి. అందుకే తిండి మారకపోయినా 118 కాస్తా 156 అయ్యింది. ఇక్కడ మాత్రం నూనెకి పని ఉంది. ఏ నూనె, ఎంత అన్న రెండూ ముఖ్యమే.

ఒక్కసారి థైరాయిడ్ కూడా చూపించుకోండి. థైరాయిడ్ మందగించి టీఎస్‌హెచ్ పెరిగితే ఎల్‌డీఎల్ కూడా పెరుగుతుంది. ఈ వయసులో రెండూ కలిసి వచ్చేవాళ్ళని రోజూ చూస్తుంటాను.

నాగావళి గట్టు గారూ, మీ రిపోర్టులో అండాశయాలు ఉంచారో తీసేశారో చూడండి. గర్భసంచి తీసినా అండాశయాలు ఉంటే హార్మోన్ వస్తూనే ఉంటుంది, కాస్త ముందుగా ఆగొచ్చు. 38 ఏళ్ళకే అండాశయాలూ తీసేస్తే మాత్రం, వాడకూడని కారణం ఏదీ లేకపోతే, మామూలుగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వడం మంచిది. లేకపోతే ఎముకలకీ గుండెకీ ముప్పు పెరుగుతుంది. గర్భసంచి తీసివేతల్లో దేశంలో మన రాష్ట్రమే ముందుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో దేశం మొత్తం మీద 3 శాతం చుట్టూ ఉంటే, మన దగ్గర 9 శాతం దరిదాపుల్లో ఉంది. అది కూడా 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో.

గజపతినగరం కోడలు

డాక్టరమ్మా, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. అయితే అవిసె నూనె సంగతి కూడా అంతేనా? మా అక్క చాలా తగ్గిందంటోంది.

రాజాం టీచరమ్మ

జీవశాస్త్రం చెబుతాను, నెలసరి ఆగి ఆరేళ్ళయింది, కాబట్టి రెండు రకాలుగానూ ఈ చర్చలో దూరే హక్కు నాకుంది.

అవిసె కథ వినండి. 2007లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు ముప్పై మందికి మించని ఒక చిన్న బృందానికి రోజుకి 40 గ్రాముల అవిసె పొడి ఆరు వారాలు ఇచ్చారు. ఆవిర్లు సగానికి తగ్గాయి! పత్రికలన్నీ రాసేశాయి. కానీ పోల్చి చూడ్డానికి ఉత్త పొడి తిన్నవాళ్ళు ఎవరూ లేరు. 2012లో 188 మందితో సరిగ్గా చేశారు. సగం మందికి అవిసె కలిపిన బార్, మిగతా సగానికి అవిసె లేని బార్, ఎవరిది ఏదో ఎవరికీ తెలీదు. రెండు జట్లలోనూ మూడో వంతు మందికి ఆవిర్లు సగానికి తగ్గాయి. అంటే ఏమీ లేని బార్ తిన్నవాళ్ళకీ అంతే! ఆవిర్లు ఎక్కువగా ఉన్నప్పుడే మనం మందు మొదలుపెడతాం, ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గుతాయి, పైగా ఏదో తీసుకుంటున్నామన్న ధీమా. అక్కగారు అబద్ధం చెప్పడం లేదు, ఆవిడకి నిజంగానే తగ్గింది. తగ్గించింది అవిసె కాకపోవచ్చు.

ఇంకో సంగతి. అవిసెలో ఈస్ట్రోజెన్‌ని కాస్త పోలిన లిగ్నాన్లు ఉంటాయని చెబుతారు కదా, అవి గింజలో ఉంటాయి, నూనెలోకి దాదాపు రావు. కాబట్టి ఆ పేరు చెప్పి నూనె తాగడంలో అర్థం లేదు. కొలెస్ట్రాల్ దగ్గర కూడా అంతే. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే అవిసె గింజల పొడి ఎల్‌డీఎల్‌ని కొద్దిగా తగ్గించింది, ముఖ్యంగా నెలసరి ఆగిన ఆడవాళ్ళలో. నూనె తగ్గించలేదు. నూనెలో ఒమేగా-3 ఉంది, అది మంచిదే, కాదనను.

నువ్వుల మీద 2006లో తైవాన్‌లో ఒకటి జరిగింది. నెలసరి ఆగిన 24 మంది రోజుకి 50 గ్రాముల నువ్వుల పొడి ఐదు వారాలు తిన్నారు. ఎల్‌డీఎల్ పది శాతం దాకా తగ్గింది. చిన్న అధ్యయనం, పెద్దగా ఊగిపోవక్కర్లేదు. అయినా చూడండి, అక్కడా నూనె కాదు, గింజే.

ఉద్దానం కొబ్బరి

మగవాడిని, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు, మా ఆవిడ కోసం చదువుతున్నాను. మాది కవిటి. కొబ్బరి నూనెని అందరూ తిట్టేవాళ్ళే! మా తాతలు కొబ్బరి తిని తొంభై ఏళ్ళు బతికారు. 2016లో కేరళలో గుండె రోగుల మీదే పరీక్ష చేశారు, రెండొందల మందికి కొంచెం తక్కువ, రెండేళ్ళు. సగం మందికి కొబ్బరి నూనె, సగం మందికి సన్‌ఫ్లవర్. కొలెస్ట్రాల్‌లో తేడా రాలేదు. దీనికేమంటారు? తిత్లీ తుపాను వచ్చి 2018లో మా చెట్లన్నీ పడిపోయాయి, ఇప్పుడు మీరు మిగిలినవి కూడా పడగొట్టేలా ఉన్నారు.

రాజాం టీచరమ్మ

అయ్యో, చెట్ల జోలికి రాలేదండీ!

ఆ కేరళ అధ్యయనం నిజమే. కాకపోతే వాళ్ళంతా గుండె రోగులు, కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలతో సహా పూర్తి వైద్యంలో ఉన్నారు. మాత్ర గట్టిగా పనిచేస్తున్నప్పుడు నూనె తేడా పైకి కనిపించదు. మాత్ర వాడని మీ ఆవిడకి అది వర్తించదు. కొబ్బరి నూనెలో సంతృప్త కొవ్వు 90 శాతం దాకా ఉంటుంది. నెయ్యిలో కూడా అంత ఉండదు. 2020లో 16 పరీక్షల్ని కలిపి లెక్కేస్తే, మిగతా గింజల నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె ఎల్‌డీఎల్‌ని 10 పాయింట్ల దాకా పెంచింది. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్‌ని కూడా ఓ నాలుగు పాయింట్లు పెంచింది, అదీ చెప్పాలి. కానీ హెచ్‌డీఎల్ పెరిగినంత మాత్రాన గుండెకి రక్షణ దొరుకుతుందని ఇప్పుడు ఎవరూ నమ్మడం లేదు.

తాతల మాట కొస్తే, వాళ్ళు కొబ్బరి తిన్నారు, పచ్చడి చేసుకున్నారు. మీ ఇంట్లో కూరకి తాలింపు దేనితో వేసేవారో గుర్తు చేసుకోండి. మా ఇంట్లో అయితే నువ్వుల నూనే. తొంభై దాటని తాతల సంగతి ఎవరూ చెప్పరు, వాళ్ళు చెప్పుకోవడానికి ఉండరు కదా.

ఉద్దానం కొబ్బరి

తాలింపు నువ్వుల నూనే, ఒప్పుకుంటాను. కొబ్బరి పచ్చడి మాత్రం మాననివ్వను.

రాజాం టీచరమ్మ

పచ్చడికి ఎవరు అడ్డొచ్చారు! వారానికి రెండు సార్లు కొబ్బరి పచ్చడి తింటే ఏమీ కాదు. రోజూ కూరలు, వేపుళ్ళు అన్నీ కొబ్బరి నూనెతో మొదలుపెడితేనే తంటా.

గజపతినగరం గారూ, మీ మరిది పంపే ‘గింజల నూనెలు విషం’ వీడియోల గురించి. 2025లో అమెరికాలో రెండు లక్షల పైచిలుకు మందిని, చాలామంది నర్సులే, దాదాపు ముప్పై ఏళ్ళు గమనించిన లెక్కలు వచ్చాయి. వెన్న ఎక్కువ తిన్నవాళ్ళలో మరణాలు ఎక్కువ, మొక్కల నూనెలు ఎక్కువ వాడినవాళ్ళలో తక్కువ. అది గమనించి రాసిన లెక్కే, పరీక్ష కాదు, అయినా విషమైతే ఇలా రాదు కదా. సంతృప్త కొవ్వు తీసేసి ఆ స్థానంలో ఈ నూనెలు పెడితే ఎల్‌డీఎల్ తగ్గుతుందని పరీక్షల్లో ఎన్నోసార్లు తేలింది.

బొబ్బిలి భారతి

అంటే గానుగ నూనె దండగా? ప్యాకెట్ నూనే మంచిదా? ఇప్పుడు నాకు ఇంకా కన్‌ఫ్యూజన్ అయిపోయింది.

మందులషాపు

దండగ కాదు. గానుగ నువ్వుల నూనె, ప్యాకెట్ నువ్వుల నూనె, కొవ్వుల లెక్కలో రెండూ ఒకటే. రెండింట్లోనూ సంతృప్త కొవ్వు 15 శాతం దగ్గరే. రిఫైన్ చేస్తే విటమిన్-ఈ, స్టెరాల్స్ కొంత పోతాయి, వాసన పోతుంది. గానుగ నూనె రుచి బాగుంటుంది, కొనగలిగితే కొనుక్కోండి. ప్యాకెట్ వాడితే జబ్బొస్తుందని భయపడొద్దు.

కొనేటప్పుడు ఒక లెక్క వేసుకోండి. గానుగలో రెండున్నర, మూడు కేజీల నువ్వులు ఆడితేగానీ లీటరు నూనె రాదు. నువ్వులు కేజీ 150 అనుకున్నా, సరుకుకే 400 దగ్గర అవుతుంది. లీటరు 250కి ‘అచ్చమైన గానుగ నువ్వుల నూనె’ ఇస్తానంటే అందులో ఇంకేదో కలిసిందని అర్థం. గానుగ గారు ఏమంటారో?

చీపురుపల్లి గానుగ

నూటికి నూరు పాళ్ళు నిజం బాబూ. పామోలిన్‌లో నువ్వుల వాసన కలిపి అమ్మేవాళ్ళ వల్లే మాకు చెడ్డపేరు. నూనె తీశాక మిగిలే చెక్కకి వచ్చే డబ్బు కలుపుకున్నా ఆ ధరకి ఇవ్వలేం.

పాలకొండ పెద్దమ్మ

మా మనవరాలు టైపు చేస్తోంది, నేను చెబుతున్నాను. చెక్క అన్నాడు కదా గానుగ బాబు, దాని సంగతి ఎవరూ ఎత్తరేం? ఇప్పుడు పశువులకి పడేస్తున్నారు గానీ, మా కాలంలో తెలకపిండి ఇంట్లో ఉండాల్సిందే. బాలింతకి పెట్టేవాళ్ళం, ఒళ్ళు నొప్పులన్న ముసలమ్మకి పెట్టేవాళ్ళం. ములగాకు దూసి, కడిగి పక్కన పెట్టుకోవాలి. గిన్నెలో కాసిని నీళ్ళు మరిగించి ఉప్పు, పసుపు వేసి ఆకు వేయాలి. ఆకు మెత్తబడ్డాక తెలకపిండి పొడి చల్లి, మూత పెట్టి సన్న సెగ మీద వదిలెయ్యాలి. కలియబెట్టకూడదు, ముద్దయిపోద్ది. నీళ్ళన్నీ పీల్చుకుని పొడిపొడిగా వచ్చాక ఎండుమిరపకాయ, ఆవాలు, దంచిన వెల్లుల్లితో తాలింపు. తాలింపుకి చెంచాడు నూనె చాలు, పిండిలోనే నూనె ఉంటాది. వేడన్నంలో కలుపుకుని తిని చూడండి. ఈ గోళీలేటి, ఈ గోలేటి!

రాజాం టీచరమ్మ

పెద్దమ్మా, మీ కాళ్ళకి దండం. ఇంతసేపూ మేం వెతుకుతున్నది ఇదే.

చూడండి, నువ్వుల్లో కాల్షియం ఉంటుందని చెప్పి నువ్వుల నూనె వాడమంటారు. పొట్టుతో ఉన్న నువ్వుల్లో 100 గ్రాములకి 1000 మిల్లీగ్రాములకి తక్కువ కాకుండా ఉంటుంది, నిజమే. కానీ కాల్షియం నూనెలో కరగదు. నూనెలో కాల్షియం సున్నా. ప్రొటీన్ సున్నా, పీచు సున్నా. అవన్నీ చెక్కలోనే మిగిలిపోతాయి. సెసమిన్ లాంటి కొన్ని మాత్రమే నూనెలోకి దిగుతాయి. గానుగ గారు ‘సారమంతా నూనెలోనే’ అన్నారు, ఎముకల సారం మాత్రం గేదె తింటోంది!

నెలసరి ఆగిన మొదటి ఐదారేళ్ళలో ఎముక చాలా వేగంగా తరుగుతుంది. మన వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం ఈ వయసు ఆడవాళ్ళకి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నువ్వుల పొట్టులో ఆక్సలేట్లు ఉండి కొంత అడ్డుపడతాయి కాబట్టి తెలకపిండి ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. చోళ్ళలో (రాగుల్లో) 100 గ్రాములకి 350 దరిదాపుల్లో ఉంటుంది. పొద్దున చోడి అంబలి, మజ్జిగ, వారానికి రెండు మూడు సార్లు తెలకపిండి కూర, ములగాకు, చిన్న చేపలు తినేవాళ్ళయితే ముళ్ళతో సహా. దీనికి తోడు ఎండలో నడక. మన వైపు దొరకనిది ఇందులో ఏముంది?

తెలకపిండి మాత్రం గానుగ దగ్గరే కొనండి. ద్రావకంతో నూనె తీసిన చెక్క పశువుల దాణాకి వెళ్ళేది, అది మనం తినేది కాదు.

సోంపేట_17

ఒక హెచ్చరిక. మా ఇంట్లో కిడ్నీ పేషెంటు ఉన్నారు. మా ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగినవాళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురు. బయటకి ఏ లక్షణమూ ఉండదు. తెలకపిండి, నువ్వుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, ములగాకులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ సరిగ్గా లేనివాళ్ళు ఇవి తినాలన్నా, కాల్షియం మాత్రలు వాడాలన్నా ముందు అడగాలి. మా వైపు ఆడవాళ్ళు మొదట క్రియాటినిన్ చేయించుకుని ఆ తర్వాతే ఏదైనా మొదలుపెట్టండి.

స్త్రీవైద్యం_శ్రీకాకుళం

సోంపేట గారు చెప్పింది బంగారం. ఇంకొకటి, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దానికీ కాల్షియం మాత్రకీ నాలుగు గంటల ఎడం ఇవ్వాలి.

బొబ్బిలి భారతి

మా వదిన అసలు నూనే మానేసింది, అన్నీ నీళ్ళతో పోపు. అది మంచిదా మరి?

రాజాం టీచరమ్మ

అంత అక్కర్లేదు. అమెరికాలో నెలసరి ఆగిన 48 వేల మందికి పైగా ఆడవాళ్ళతో పెద్ద పరీక్ష చేశారు. ఒక జట్టుకి మొత్తం కొవ్వు తగ్గించమన్నారు, ఏ రకం అన్నది పట్టించుకోలేదు. ఎనిమిదేళ్ళు చూసి 2006లో ఫలితం చెప్పారు. గుండె జబ్బులు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మొత్తం మానేయడంకంటే రకం మార్చడం ముఖ్యం అని నాకు దానివల్ల అర్థమైంది. నూనె లేకపోతే ఆకుకూరల్లోని విటమిన్-ఏ కూడా సరిగ్గా ఒంటికి పట్టదు.

మందులషాపు

రకం సరే, కొలత కూడా చూద్దాం. గజపతినగరం మేడం నలుగురికి నెలకి ఐదు లీటర్లన్నారు. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. ఈ మధ్య చూడ్డానికి లీటరులాగే ఉండే 850, 800 గ్రాముల ప్యాకెట్లు వస్తున్నాయి, వెనక చదివి కొనండి. ఐదు లీటర్లంటే 4550 గ్రాములు. ముప్పై రోజులకి, నలుగురికి పంచితే మనిషికి రోజుకి 38 గ్రాములు. బయట తినే బజ్జీ, మిక్చరు ఇందులో లేవు. హైదరాబాద్ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దగా ఒళ్ళు వంచని ఆడవాళ్ళకి 20 గ్రాములు చాలు, కష్టం చేసేవాళ్ళకి 30 దాకా. మనిషికి 25 అనుకుంటే ఇంటికి మూడు లీటర్ల పైన ఓ పావు. ఏ నూనె అయినా గ్రాముకి 9 కేలరీలే, గానుగదైనా, ఆలివ్ అయినా.

నా సలహా: నెల సరుకుల్లో మూడు లీటర్లే రాయండి. ఒకటి నువ్వులది, ఒకటి వేరుశెనగ, ఒకటి తవుడు నూనె. తవుడు నూనెలో ఒరైజనాల్ ఉంటుంది, కొలెస్ట్రాల్‌కి కాస్త సాయం. అది మాత్రం గానుగలో దొరకదు, తవుడు మిల్లులోంచి రాగానే పాడవడం మొదలవుతుంది, రిఫైన్ చేయకుండా తినలేం. ఇచ్ఛాపురం వైపు వాళ్ళు ఆవ నూనె వాడతారు, అందులో ఒమేగా-3 ఉంది, మంచిదే. విడిగా లూజు నూనె మాత్రం కొనొద్దు. 1998లో ఢిల్లీలో ఆవ నూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి ఎంతోమంది చనిపోయారు.

బూరెలు వేయించిన మూకుడు నూనె మళ్ళీ మళ్ళీ మరిగించడం మానండి. నల్లబడి, నురగ వస్తుంటే పారబోయడమే. మీరు ఏ నూనె కొన్నారన్నది అప్పుడు లెక్కలోకే రాదు.

పేరు వద్దు

మోడరేటర్ గారు పేరు దాచి పోస్టు చేయనిచ్చారు. నూనె గురించే, కానీ తినేది కాదు. నెలసరి ఆగాక లోపల బాగా పొడిబారిపోయి మంట. భార్యాభర్తల మధ్య ఇబ్బందిగా ఉంది. ఎవరో కొబ్బరి నూనె రాసుకోమన్నారు. మంచిదేనా? ఇంట్లో అడగలేక ఇక్కడ అడుగుతున్నాను.

స్త్రీవైద్యం_శ్రీకాకుళం

అడిగినందుకు సంతోషం. నా దగ్గరకి వచ్చేవాళ్ళలో చాలామందికి ఉండే బాధే, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి ‘ఇంకొకటి డాక్టరుగారూ’ అని చెబుతారు.

వాసనలు కలపని స్వచ్ఛమైన కొబ్బరి నూనె పైపైన రాసుకుంటే కొందరికి ఉపశమనంగా ఉంటుంది. తలకి రాసుకునే సువాసన నూనెలు వద్దు, మంట పెరుగుతుంది. కండోమ్ వాడేవాళ్ళు ఏ నూనే రాయకూడదు, రబ్బరు చిరిగిపోతుంది. నీటితో చేసిన జెల్లులు షాపులో దొరుకుతాయి, అవి నయం. అయితే ఇవన్నీ అప్పటికప్పుడు తడినిచ్చేవే. లోపలి పొర పలచబడటమే అసలు కారణం కాబట్టి తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము బాగా పనిచేస్తుంది. అది రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది. డాక్టరు చూసి రాయాలి. మాటిమాటికీ మూత్రంలో మంట వస్తుంటే దానికీ ఇదే మందు.

నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఏ నూనే, ఏ క్రీమూ రాసుకుంటూ కూర్చోవద్దు. వెంటనే స్కానింగ్ చేయించుకోవాలి. చాలాసార్లు ఏమీ ఉండదు. ఉంటే మాత్రం తొలి దశలో దొరకాలి.

పేరు వద్దు

చాలా థాంక్స్ డాక్టరమ్మా. ఈ వారమే వెళ్తాను.

గజపతినగరం కోడలు

గోళీల గురించి మళ్ళీ డాక్టరు దగ్గరకి వెళ్ళి హార్మోన్ సంగతి అడుగుతాను. ఒక్క అనుమానం. 156కి నూనె మార్పు ఒక్కటే సరిపోతుందా?

స్త్రీవైద్యం_శ్రీకాకుళం

నూనె, తిండి, నడక కలిపి పది శాతం అటూఇటూ తగ్గితే గొప్పే. మూడు నెలలు చేసి మళ్ళీ రక్తపరీక్ష చేయించండి. షుగరు, బీపీ, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళు ఉన్నారా, ఇవన్నీ చూసి మాత్ర అవసరమో కాదో ఫిజీషియన్ చెబుతారు. మాత్ర రాస్తే మానేసి నూనె మీద భారం వేయకండి.

బొబ్బిలి భారతి

మా అత్తగారు గుండెకి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. ఆవిడకి ఇంట్లో మిగిలిన ప్రిమ్‌రోజ్ గోళీలు ఇవ్వొచ్చా? పారేయడం ఎందుకని.

మందులషాపు

ఇవ్వొద్దు. ఆ మాత్రలతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. మూర్ఛకి మందులు వాడేవాళ్ళు కూడా డాక్టరుని అడగకుండా వాడకూడదు.

నాగావళి గట్టు

రిపోర్టు దొరికింది. రెండు అండాశయాలూ తీసేశారట. నాకు ఎవరూ చెప్పలేదు. ఎముకల స్కాన్ చేయించుకోవాలా?

స్త్రీవైద్యం_శ్రీకాకుళం

చేయించుకోండి. దాన్ని డెక్సా అంటారు. మీ వయసుకి ఇప్పుడే మొదలుపెడితే చాలా కాపాడుకోవచ్చు. రిపోర్టు పట్టుకుని ఈ వారమే మీకు దగ్గర్లోని స్త్రీవైద్య నిపుణురాలిని కలవండి, హార్మోన్ గురించి మీరే అడగండి, వాళ్ళు అడిగేదాకా ఆగకండి.

చీపురుపల్లి గానుగ

మోడరేటర్ గారూ, అమ్మకం కాదు, ఒక మాట. ఈ చర్చ చదివి తెలకపిండి అడుగుతూ మా ఊళ్ళోవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి చెప్పినట్టే ఇక్కడా చెబుతున్నాను. తెలకపిండి తాజాగా ఆడిందే అడగండి, వాసన చూడండి, మగ్గు వాసన వస్తే తీసుకోవద్దు. వానాకాలంలో తొందరగా బూజు పడుతుంది, రెండు వారాలకి సరిపడా తీసుకుని డబ్బాలో, ఫ్రిజ్‌లో పెట్టుకోండి. నువ్వుల నూనె ఆరు నెలలున్నా పాడవదు. వేరుశెనగ గానుగ నూనె అంత ఆగదు, నెలకి సరిపడా తెచ్చుకోండి. అవిసె నూనె ఎండ తగిలితే వారంలోనే కంపు కొడుతుంది, అందుకే నేను అది ఆడను.